పొగలేని నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదని మన పల్లెలలో అక్షరము రానివారు సైతము అనుకొను మాటను మన తార్కికులు తమ శాస్త్రమునకు ముఖద్వారముగా నిలుపుకొనిరి. కొండమీద పొగ కానవచ్చుచున్నది గనుక అచ్చట నిప్పు కలదనియు, పొగ యున్నచోటనెల్ల నిప్పుండుటను వంటయింటిలో చూచియే యున్నామనియు, 17వ శతాబ్దమునాటి ఆంధ్రుడు అన్నంభట్టు బాలుర కొఱకై వ్రాసిన తర్కసంగ్రహమున చెప్పగా, నాటినుండి నేటివరకు తర్కము మొదలుపెట్టిన ప్రతి విద్యార్థియు అనుమానప్రమాణమును ఆ కొండ, ఆ పొగ, ఆ వంటయిల్లు, ఈ మూటిమీదనే నేర్చుకొనుచున్నాడు. కాని ఆ చిన్న పుస్తకములోనే, తప్పుడు హేతువులగు హేత్వాభాసములను వివరించుచోట, గురువులు సాధారణముగా వడివడిగా దాటించివేయు ఉదాహరణ మొకటి యున్నది. అది ఎఱ్ఱగా కాగిన ఇనుపగుండు. దానియందు నిప్పున్నది, పొగ లేదు. కావున పొగనుబట్టి నిప్పును ఊహించుట ఎంత సరియో, నిప్పుండినచో పొగయు ఉండియే తీరునని తలచుట అంత తప్పు. పొగ పుట్టుటకు ఒక్క నిప్పు చాలదు, పచ్చికట్టె కూడ తోడు కావలెను. ఆ పచ్చికట్టెను మన పూర్వులు ఉపాధి యనిరి.

ఈ వ్యాసమున నేను విచారింపదలచినది ఆ ఇనుపగుండును గూర్చి. పొగను చూచి నిప్పు కలదనుటకు శాస్త్రమును లోకానుభవమును రెండును మనకు తోడున్నవి. పొగ కానరాలేదు గనుక నిప్పు లేదనుటకు మాత్రము మనకు ఎవరు అధికార మిచ్చిరి? కానరానిదానిని లేదనుట ఎప్పుడు న్యాయము, ఎప్పుడు అన్యాయము? ఈశ్వరుని విషయమున ఈ ప్రశ్న వేయేండ్లనాటిది. ఆస్తికులును నాస్తికులును దానిమీద కావలసినంత వాదించుకొనిరి. తోటి మనుష్యుని విషయమున మాత్రము అది అడుగువారు లేక అట్లే మిగిలియున్నది.

గ్రంథములలో కంటె కాసిపేట వంటి తావున ఈ ప్రశ్న స్పష్టముగా రూపుకట్టును. మంచిర్యాల జిల్లాలో, మందమర్రికిని బెల్లంపల్లికిని చేరువనున్న ఈ మండలమున సింగరేణివారి ఇంక్లైనులు భూమిలోనికి దిగుచున్నవి. దేవాపూరులో సిమెంటు కర్మాగారపు బట్టీ రేయింబవళ్లు మండుచున్నది. సోమగూడెము మీదుగా పోవు దారిలో బొగ్గులారీలకు విరామము లేదు. 1886లో లండనునగరమున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ 1889లో ఇల్లెందు వద్ద బొగ్గు తీయ మొదలిడగా, 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు దాల్చిన సంస్థ గోదావరి లోయ వెంబడి కొత్తగూడెము నుండి గోదావరిఖని, రామగుండముల మీదుగా ఈ ప్రాంతము వఱకు వ్యాపించినది. ఇచ్చటి జనుల బ్రతుకు సమస్తమును కానరాని నిప్పుతోడి సహవాసమే. ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ లోయలోని చిత్తడి అడవులు సూర్యుని వేడిమిని తమలో దాచుకొని నేల క్రింద పడి నల్లబడినవి. చేతికి చల్లగా, కంటికి రాతివలె కానవచ్చు ఆ పదార్థమున అంత తాపము నిద్రించుచున్నదని చూచినమాత్రమున ఎవరు చెప్పగలరు?

గని లోపల ఈ దాగుడు ఇంకను భయంకరముగా నుండును. బొగ్గు తీసివేసిన పిమ్మట వెనుక మిగులు ఖాళీని కార్మికులు గోఫ్ అందురు. అందు చితికిపోయి మిగిలిన బొగ్గు, కొద్దికొద్దిగా దొరకు గాలితో కలిసి, ఎవ్వరును అగ్గిపుల్ల గీయకయే తనంత తాను వేడెక్కును. తొలిదశలో మంట యుండదు, పొగ యుండదు. గోడలకు చెమట పట్టినట్లు తేమయు, కిరసనాయిలును బోలిన యొక సన్నని వాసనయు తప్ప వేఱొక గుర్తుండదు. అవియు గనిలో పనివారిపై నుండు అనుభవము గల సర్దారునకే తెలియును. అందుచేత గోఫును ఇటుకగోడతో మూసివేసి, ఆ గోడలో ఒక గొట్టమును నిలిపి, లోపలి గాలిని పట్టి తెచ్చి, అందు కార్బన్ మోనాక్సైడు ఎంత పుట్టినదో, ప్రాణవాయువు ఎంత తరిగినదో లెక్కించి, ఆ రెంటి నిష్పత్తి పెరుగుచున్నదా నిలుకడగా నున్నదా యని వరుసగా చూచుచుందురు. ఈ లెక్కకు గ్రాహం నిష్పత్తి యని పేరు. గోడ యీవల నిలుచున్నవానికి అంతయు చల్లగా, ప్రశాంతముగా నున్నది. గోడలోని గొట్టము మాత్రము వేఱొక వార్త చెప్పుచున్నది. ఆ ప్రశాంతిని నమ్మి గని నడపువా డెవ్వడును లేడు.

గని వెలుపలికి వచ్చి లారీని చూతము. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గున నడిపించి చూపిన యంత్రమున నిప్పురవ్వ లేదు. గాలిని బిగించి నలిపినంతనే అది కాగి, తనలో చల్లిన నూనెను తానే అంటించుకొనును. అరణిలో దాగిన అగ్నిని మథించి తీసిన మన ఋత్విక్కులకు ఈ యంత్రము అంత వింతగా తోచియుండదు. ఇట్టి ఇంజనును ఏండ్ల తరబడి నడిపిన డ్రైవరు అద్దములో సైలెన్సరు పొగను చూచి దాని లోపలి స్థితిని చెప్పగలడు: నల్లపొగ వచ్చిన నూనెకు తగిన గాలి అందలేదు, నీలిపొగ వచ్చిన ఇంజనాయిలు కాలుచున్నది, తెల్లపొగ వచ్చిన నూనె సగము మండక పోవుచున్నది. ఈ విద్య అన్నంభట్టు చెప్పిన విద్యయే. దానిని నేను తక్కువగా చూడను; పెద్ద పెద్ద పరికరములు లేని కాలమున ఎన్ని బండ్లను, ఎన్ని కుటుంబములను అది నిలిపినదో చెప్పనలవి కాదు.

అయినను ఆ విద్యకు ఇనుపగుండు వద్ద చూపు చాలదు. నిండు లోడుతో, ఓపెన్‌కాస్టు గని అడుగునుండి పైకి ఎక్కు మట్టిదారిలో, వేసవి మధ్యాహ్నపు వడగాలిలో, బొగ్గుదుమ్ము కూరుకొనిన ఇంటర్‌కూలర్ గుండా వేడిగాలియే లోనికి పోవుచుండగా, పంపు కొంచెము ఎక్కువగా నూనె పోయుచున్నచో, ఆ నూనె మండుటకు చాలినంత గాలి ఎట్లో దొరికినంతవఱకు పొగ రాదు. కాని బయటికి పోవు వాయువుల తాపము మాత్రము హద్దు దాటిపోవుచుండును. మఱొకవైపున, నాజిల్ పాడైన ఇంజను ఉదయమున ఊరక నిలిచియున్నప్పుడు గుప్పుగుప్పున పొగ వదలును. అందు ప్రమాదకరమైన వేడి యుండదు. పొగ యున్నచోట తాపము హద్దులో నున్నది, పొగ లేనిచోట హద్దు మీరినది. తార్కికులు పచ్చికట్టె యనిన ఉపాధి ఇచ్చట గాలి కొఱత యను రూపమున వచ్చినది. పొగను పుట్టించునది ఆ కొఱతయే గాని తాపాధిక్యము కాదు. ఇంజనులోని పిస్టను అల్యూమినియపు మిశ్రలోహము. శుద్ధమైన అల్యూమినియము 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. మిశ్రలోహము అంతకుముందే మెత్తబడును. బయటికి వచ్చు వాయువు 700 డిగ్రీలు తాకినను పిస్టను నిలుచుచున్నదన్న, అడుగున చిమ్ము ఆయిలును చుట్టు తిరుగు నీరును దాని వేడిని క్షణక్షణమును లాగుకొనుచుండుటచేతనే. ఆ 700 ప్రాంతమును దాటి చాలసేపు లాగరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఆ హద్దును డ్రైవరు ముక్కు పసికట్టలేదు, చెవి పసికట్టలేదు. నీటి వేడిని చూపు గేజి సైతము చాల ఆలస్యముగా గాని పసికట్టదు.

అందుకే ఆ వాయువులు వెలువడు త్రోవలోనికే తాపమును కొలుచు ఒక కొలకఱ్ఱను, అనగా ప్రోబును, చొప్పించుట. 2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున అమలైన బీఎస్-6 నిబంధనల క్రింద వచ్చు లారీలలో పొగను శుద్ధి చేయు యంత్రముల నిమిత్తము ఇట్టి సెన్సర్లను కర్మాగారమే అమర్చి పంపుచున్నది. పాత బండికి కావలెనన్న చేతితో అమర్చుకొనవలసినదే. సోమగూడెము దాపున రోడ్డుప్రక్క షెడ్డులో ఒక పడుచు మెకానిక్కు పాత టిప్పరు నొకదానికి ఈ పని చేయుచుండగా చాలసేపు నిలిచి చూచితిని. ఇంజను ప్రక్కనుండు పోత ఇనుపమానిఫోల్డుమీద, ఆఱు సిలిండర్ల వాయువులు కూడి టర్బోలోనికి మలుగుటకు ముందరి తావున, సుద్దతో గుర్తు పెట్టి, పంచుతో చిన్న గుంట కొట్టి, మొదట సన్నని డ్రిల్లుతోను, పిదప లావుపాటి దానితోను రంధ్రము తొలిచెను. డ్రిల్లు కొనకు మాటిమాటికి గ్రీజు పూయుచుండెను. పోత ఇనుపరజను ఆ గ్రీజులో చిక్కి నల్లని ముద్దయై పైకి వచ్చుచుండెను. మరలు కోయునప్పుడు ట్యాపును అరచుట్టు ముందునకు, పావుచుట్టు వెనుకకు త్రిప్పుచు, ప్రతి మారును తీసి గుడ్డతో తుడిచి మరల గ్రీజు పట్టించెను. కడపట అయస్కాంతపుపుల్లను లోపల త్రిప్పి తీసి, వెలుతురులో పట్టి చూచి, ఇంజనును ఒక్క నిమిషము నడిపి ఆ రంధ్రము గుండా గాలిని వెళ్లగ్రక్కించెను.

ఇంత జాగ్రత్త ఏల యని అడిగితిని. "గ్రీజు పెట్టి తీస్తెనే రజను లోపల పడకుంట ఉంటది సార్. ఒక్క ముక్క టర్బో రెక్కలకు తాకిందంటే టర్బో పోయినట్టే," అనెను. ప్రక్కన నిలుచున్న పెద్దవయసు డ్రైవరు, ఇన్నేండ్లు పొగ చూసుకుంటనే నడిపినం గద, ఇప్పుడు మంచిగున్న మానిఫోల్డుకు బొక్క పెట్టుడెందుకని సణుగుకొనగా, ఆ పిల్లవాడు పనిమీదినుండి తల యెత్తకయే, "పొగ చెప్పేది చెప్తది అన్నా, చెప్పంది ఎట్ల చెప్తది?" అనెను. తర్కశాస్త్రమున హేతువు గురి తప్పు దోషమగు వ్యభిచారమును గూర్చి ఇంతకంటె సూటిగా చెప్పిన వాక్యమును నేను చదివి యెఱుగను.

చొప్పించిన ఆ ప్రోబులో నున్నది ఏమి? రెండు వేర్వేఱు లోహపుతీగెలు, కొనవద్ద ఒకటిగా కలిపి యుక్కుతొడుగులో నుంచబడినవి. నికెలు క్రోమియముల తీగె యొకటి, నికెలు అల్యూమినియముల తీగె మఱొకటి. ఇట్లు రెండు లోహములను కలిపి ఒక కొనను వేడి చేసినచో విద్యుత్తు పుట్టునని 1821లో సీబెక్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. హైదరాబాదు దక్కను కంపెనీ పుట్టిన 1886 ప్రాంతముననే ఫ్రాన్సులో లె షాటెలియే ప్లాటినపుతీగెలతో కొలుముల తాపమును కొలుచు నమ్మదగిన సాధనమును సిద్ధపఱచెను. లారీ ప్రోబులోని తీగెలు డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు, అనగా ఒక వోల్టులో పదిలక్షలవంతులు నలుబదియొకటి మాత్రమే, ఇచ్చును. అంత సన్నని గుసగుసనుండి గేజి తన ముల్లును కదల్పవలెను. ఇంకొక విశేషము: ఈ తీగెలు తాపమును నేరుగా చెప్పవు. వేడి కొనకును గేజి వద్దనుండు చల్లని కొనకును గల భేదమును మాత్రమే చెప్పును. చల్లని కొన తా నెంత వేడిగా నున్నదో తెలియకున్న వేడి కొన చెప్పినది అర్థము కాదు. తీగె చాలలేదని నడుమ మామూలు రాగితీగెను అతికినవాడు తెలియకయే ఇంకొక సంధిని కల్పించి లెక్కను చెఱచుకొనును. ఒకరి తాపమును తెలిసికొనగోరువాడు తన స్థితిని ముందు తెలిసికొని యుండవలె నన్నది ఇచ్చట నీతిబోధ కాదు, లోహధర్మము.

టర్బోకు ముందు పెట్టవలెనా, తరువాతనా యన్న వాదము మెకానిక్కులలో ఎప్పుడును నున్నదే. తరువాత పెట్టినచో డ్రిల్లు రజను భయము లేదు, ప్రోబు విఱిగి టర్బోలో పడునను భయము లేదు, పని సులువు. కాని వాయువు టర్బోను త్రిప్పుటలో తన శక్తిని కొంత వ్యయపఱచి చల్లబడి బయటపడును. నిండు లోడులో ఈ భేదము నూఱు డిగ్రీలను మించిపోవును, తేలికగా నడచునప్పుడు స్వల్పమై యుండును. భేదము ఎల్లప్పుడు ఒకే తీరున నుండినచో కలుపుకొని సరిపెట్టుకొనవచ్చును. అది లోడునుబట్టి మాఱుచుండుటచేత, ఎప్పుడు నిజము మిక్కిలి అవసరమో అప్పుడే ఆ గేజి మిక్కిలిగా తక్కువ చెప్పును. దుఃఖమును గూర్చి దుఃఖపడువానిని అడుగక, వానిపై నున్న మేస్త్రీని, ఆ మేస్త్రీపై నున్న అధికారిని అడుగుచు పోయినకొలది వార్త ఎట్లు చల్లబడునో అధికారములో నున్నవా రెఱుగుదురు. ముందర పెట్టిన ప్రోబునకు సైతము పరిమితి కలదు. అది ఆఱు సిలిండర్ల వాయువు కూడినచోట నుండి సమష్టి తాపమును చెప్పును. అందొక్క సిలిండరు నాజిల్ చెడి కాలిపోవుచున్నను మిగిలిన ఐదింటి చల్లదనములో దాని కేక మునిగిపోవచ్చును.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తును. కానరాకుండుటనుబట్టి లేమిని తెలిసికొనుటను మన దార్శనికులు అనుపలబ్ధి యనిరి. భాట్టమీమాంసకులు దానిని ఆఱవ ప్రమాణముగా నెంచిరి. నైయాయికులు ప్రత్యేకప్రమాణ మనక ప్రత్యక్షమునకు తోడుగా గ్రహించిరి. బౌద్ధుడగు ధర్మకీర్తి హేతువులలో నొకటిగా చేసెను. ఇన్ని విషయములలో కలహించుకొనిన వీరందఱును ఒక్క షరతుమీద ఏకీభవించిరి: ఉండినచో తప్పక కానవచ్చి యుండవలసిన వస్తువు కానరానప్పుడే అది లేదనవలెను. దీపము వెలుగుచున్న గదిలో నేలమీద కుండ కానరాలేదు గనుక కుండ లేదు. చీకటిగదిలో కానరాలేదు గనుక లేదనుట చెల్లదు. ఈ యోగ్యత యను షరతునకు మించిన సునిశితమైన మాట మన తర్కసంప్రదాయమున లేదని నా దృఢవిశ్వాసము. లారీకి ప్రోబు అమర్చుట యనగా ఈ యోగ్యతను సంపాదించుటయే. ప్రోబు లేనినాడు "వేడి లేదు" అనిన డ్రైవరు చీకటిగదిలో కుండ లేదన్నవాడు. ప్రోబు పెట్టిననాడు అదే మాట అన్నవాడు దీపము వెలిగించి చూచి చెప్పినవాడు. పలికిన మాట ఒక్కటే యైనను మొదటిదానికి లేని అధికారము రెండవదానికి వచ్చినది.

ఆ అధికారమైనను దీప మారిపోనంతవఱకే. ప్రోబు లోపల తీగె తెగినచో కొన్ని గేజిలలో ముల్లు సున్న వద్దకు పడిపోవును; చూచువానికి ఇంజను హాయిగా నున్నట్లు తోచును. కర్మాగారములలోని కొలిమి సాధనములను రూపొందించినవారు ఈ అపాయము నెఱిగి, తీగె తెగినంతనే ముల్లు పైకి పోయి ప్రమాదపుగుర్తు వద్ద నిలుచునట్లు ఏర్పాటు చేయుదురు. 1815లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన గని దీపమున ఈ గుణము సహజముగానే యుండెను. వత్తి తగ్గించి చూచినప్పుడు మంటమీద నీలికొస లేచినచో మీథేను కలదని తెలియును. ప్రాణవాయువు తక్కువైనచో దీపము ఆరును. ఆ ఆరుటనే సర్దారు హెచ్చరికగా గ్రహించి మనుష్యులను వెనుకకు పిలుచును. సాక్షి నోరు మూసికొనినప్పుడు అంతయు క్షేమమని వ్రాసికొనుటయా, భయపడి వెళ్లి చూచుటయా? ఈ రెంటిలో ఒకదానిని ఎన్నుకొనుట యంత్రకారుని నేర్పు మాత్రమే కాదు, ధర్మనిర్ణయము.

చూడకయే లేదనుకొనిన దాని బలిమిని ఈ బొగ్గుబెల్టు ఎఱుగును. 2003 జూను 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు మృతి చెందిరి. పాత త్రవ్వకములలో నిలిచిన నీరు బొగ్గుగోడ యావల ఎంత దూరమున, ఎంత యొత్తిడితో నున్నదో గోడ యీవలివారి కంటికి తెలియదు. గోడ పొడిగా నుండుట నీరు లేమికి సాక్ష్యము కాదు. అందుకే నీరు నిలిచిన పాత పనుల దరికి 60 మీటర్ల లోపలికి పోవలసివచ్చినప్పుడు అనుమతి పొంది, ముందుగా బోర్లు వేసి లోపలి స్థితిని తెలిసికొనుచు సాగవలెనని గనుల నిబంధనలు విధించుచున్నవి. చూపునకు లొంగనిదానిని తెలిసికొనుటకు గోడకు రంధ్రము పెట్టవలసియే యున్నది, మానిఫోల్డుకైనను అంతే. "మంచిగున్న మానిఫోల్డుకు బొక్క పెట్టుడెందుకు" అన్న ఆ డ్రైవరు అభ్యంతరము మనుష్యస్వభావమున చాల లోతుగా నాటుకొనిన అభ్యంతరము. ఎఱుక ఊరక రాదు. ఏదో యొక గోడ చెక్కుచెదరక యుండవలె నన్న కోరికను మనము విడువవలెను.

పదవ శతాబ్దమున మిథిలలో వెలసిన ఉదయనాచార్యుడు తన న్యాయకుసుమాంజలిలో ఈ యోగ్యతాతర్కమునే ఈశ్వరుని విషయమున ప్రయోగించెను. కానరాలేదు గనుక ఈశ్వరుడు లేడన్న చార్వాకునకు ఆయన ఇచ్చిన సమాధాన మిది: కంటికి కానరాదగిన వస్తువు కానరానప్పుడు లేదనవచ్చును, స్వభావముచేతనే కంటికి అందనిదానిని అందలేదు గనుక లేదనుట ఎట్లు? కానరాకుండుటయే లేమికి ఋజువైనచో, ఇల్లు విడిచి బజారునకు పోయిన చార్వాకుడు భార్యాపుత్రులు కంటి కెదుట లేరు గనుక వారు లేనేలేరని నిశ్చయించి ఏడ్చుచు కూర్చుండవలసివచ్చును. ఈ తర్కముచేత ఈశ్వరుడు సిద్ధించెనా? సిద్ధింపలేదని నేను నిష్కపటముగా అంగీకరింతును, ఉదయనుడును అంగీకరించెను. సాధక యుక్తులను వేఱుగా చెప్పెను. ఈ యుక్తి చేసిన పని ఒక్కటే: లేదనువాని చేతినుండి అతడు అన్యాయముగా పట్టుకొనిన అధికారపత్రమును లాగికొనినది.

అయితే ఆ పత్రము ఆస్తికుని చేతిలో లేదా? నాకు మిక్కిలి బాధ కలిగించు విషయ మిదియే. ఉదయాస్తమయములందు దీపము పెట్టి, కానరాని పరమాత్మ సర్వత్ర కలడని నమ్ము గృహస్థుడు, అదే దినమున తన ఇంటిముందునుండి పోవు మనుష్యుని చూచి "వానికేమి బాధ? ఉన్నచో చెప్పియుండడా?" అనుచున్నాడు. కానరాని ఈశ్వరుని విషయమున చార్వాకుని ఖండించినవాడు కానరాని తాపము విషయమున చార్వాకుడే యగుచున్నాడు. గనిదుమ్ము ఊపిరితిత్తులలో చేయు హాని ఏండ్ల తరబడి దగ్గుగా కూడ బయటపడదు; ఎక్స్‌రే ఫలకము చూచునంతవఱకు మనిషి బలిష్ఠుడే. అందుకే గనికార్మికులకు, వారు బాధ చెప్పినను చెప్పకున్నను, నిర్ణీతకాలమునకొకసారి వైద్యపరీక్ష జరుపవలెనని చట్టము శాసించినది. ఆ చట్టము వ్రాసినవారు యోగ్యానుపలబ్ధి యను పేరు విని యుండకపోవచ్చును. దాని సారమును మాత్రము మన పురాణశ్రోతలకంటె బాగుగా గ్రహించిరి. క్యాబినులో ఇంజను సెగకు, బయటి యెండకు నడుమ ఉడుకుచు, జీతము కోతపడునన్న భయముచేత సెలవు అడుగని డ్రైవరున్నాడు. కుమారుడు పని చేయు గనిలో ప్రమాదము జరిగెనన్న వార్త వచ్చినప్పుడెల్ల పొయ్యి ముందు కూర్చుండి మాటాడని తల్లి యున్నది. వీరిలో పచ్చికట్టె లేదు. కన్నీరు, కోపము, ఫిర్యాదు అను పొగను పుట్టించు అవకాశమును కాలము ఎన్నడో ఎండబెట్టివేసినది. మిగిలినది కాగిన ఇనుము.

సాంఖ్యకారిక రచించిన ఈశ్వరకృష్ణుడు మూడు విధములైన తాపముల దెబ్బనుండియే జిజ్ఞాస పుట్టునని తన గ్రంథమును మొదలుపెట్టెను. తన తాపమునుండి తన జిజ్ఞాస పుట్టుట సహజము. దానికి బోధ అక్కరలేదు. ఎదుటివాని తాపమునుండి మన జిజ్ఞాస పుట్టునా యన్నదే మతమునకు పరీక్ష. పుట్టవలెనన్న మనము అడుగవలెను. అడిగినంతనే ఎవడును చెప్పడు, కావున దగ్గఱ కూర్చుండవలెను. దగ్గఱ కూర్చుండుట యనగా మన హాయికి రంధ్రము పడుట. పరోపకారము చేయువారు మనలో చాలమంది యున్నారు. అది టర్బో తరువాత పెట్టిన ప్రోబు వంటి సులువైన పని, మనకు విఱుగుడు భయము లేదు. వార్త చల్లబడక మునుపే దానిని అందుకొనుచోట నిలుచువారు అరుదు. వారినే నేను భక్తులని లెక్కింతును, వారు గుడికి పోయినను పోకున్నను.

ఉదయనుని గ్రంథపు ముగింపును గూర్చి ఒక్కమాట చెప్పక విడువలేను. ఐదు స్తబకములలో చార్వాక, మీమాంసక, బౌద్ధాది ప్రత్యర్థుల నెల్ల తర్కముతో ఎదుర్కొనిన ఆ మహానైయాయికుడు, అన్ని యుక్తులును చెప్పిన పిమ్మటను కరగని హృదయములు కొన్ని మిగులునని యెఱిగి, వారిని శపింపలేదు. వారు ఎదుటిపక్షమున నిలిచి వాదించుచునైనను నిన్ను గూర్చియే తలపోసినవారు గదా, కాలక్రమమున వారిని సైతము నీవే తరింపజేయుమని ఈశ్వరునే ప్రార్థించెను. నాస్తికుని యందు భక్తి కానరాలేదు గనుక లేదని ఆయన నిర్ణయింపలేదు. కానరానిది లేదనరాదని తాను ఈశ్వరుని పక్షమున వాదించిన న్యాయమునే, తనను ఎదిరించినవాని పక్షమునను నిలువబెట్టెను.